ట్రాక్టర్ దాటింది కదా బావా!

మా బావమరిది పక్క సీట్లో ఉంటే కారు నడిపేది అతనే. స్టీరింగు మాత్రం నా చేతిలో ఉంటుంది. కిందటేడు శ్రావణంలో మధిర వైపు నిశ్చితార్థానికి పోతుంటే దారిలో చప్టా మీంచి వాగు పారుతోంది. ఎర్రటి నీళ్లు, చూడ్డానికి అంత జోరు కూడా లేదు. ఊరివాళ్లు అడ్డంగా ముళ్లకంప వేస్తే, ఎవరో బండి పట్టేంత పక్కకు లాగేసి పోయారు. మా కళ్లముందే ఒక ట్రాక్టర్ దాటింది.

"ట్రాక్టర్ దాటింది కదా బావా, పోనీయ్!"

ముప్పై ఏళ్లు హైస్కూల్లో ఆర్కిమెడిస్‌ను నూరిపోసినవాణ్ణి. అక్కడే లెక్క చెప్పాను. మా చిన్న కారు, నలుగురు మనుషులు కలిసి సుమారు 1,000 కిలోలు. కారు అడుగుభాగం దాదాపు 5 చదరపు మీటర్లు, రోడ్డుకు జానెడు ఎత్తులో ఉంటుంది. నీళ్లు దాన్ని తాకాక పైకి లేచే ప్రతి 10 సెంటీమీటర్లకూ 500 కిలోల బరువును ఎత్తేస్తాయి. అంటే మోకాలి లోతు రాకముందే కారు పడవ. అసలు తేలేదాకా కూడా అక్కర్లేదు, సగం బరువు పోతే టైరుకు పట్టు జారుతుంది, పక్కనుంచి తోసే వాగుకు ఆ మాత్రం చాలు. ట్రాక్టర్‌ది వేరే కథ. పెద్ద చక్రాలు, ఎత్తు ఎక్కువ, నీళ్లు ఆపే డబ్బా లేదు.

టీవీలో కొట్టుకుపోయే కార్లను చూసి "బుద్ధి లేదా?" అంటాం. బురద నీళ్ల లోతు బుద్ధితో కనబడదు. కింద రోడ్డుందో లేదో అసలే తెలియదు. 2023 జులైలో ఐతవరం దగ్గర మున్నేరు నీళ్లు ఏకంగా హైదరాబాద్-విజయవాడ హైవేనే ఆపేశాయి. మరుసటేడు సెప్టెంబరులో గరికపాడు దగ్గర పాలేరు వంతెన దెబ్బతింది. హైవేకే దిక్కులేకపోతే మన చప్టా ఎంత?

అందుకే అడిగేది ఒకటే. ప్రతి చప్టాకూ రెండు చివర్లా అడుగుల గీతలు గీసిన సిమెంటు స్తంభం పాతండి. అడుగు దగ్గర ఎర్ర పట్టీ వేయండి. నీళ్లు ఆ పట్టీని తాకితే దారికి అడ్డంగా గొలుసు కట్టి తాళం వేయండి. ముళ్లకంపను లాగేయొచ్చు, తాళం వేసిన గొలుసును లాగలేరు. ఖర్చెంతని? ఒక ప్రారంభోత్సవం పూలదండలపాటి!

ఆ రోజు వెనక్కి తిప్పి, మలుపులో ఉన్న టీ బంకు దగ్గర మూడు గంటలు కూర్చున్నాం. మా ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు. నీళ్లు తగ్గాక పోయి చూస్తే చప్టా కింది వైపు అంచు బారెడు మేర లేదు. మట్టి కొట్టుకుపోయి, సిమెంటు పలక గాల్లో వేలాడుతోంది. బావమరిది దిగి, తొంగి చూసి, వచ్చి కూర్చున్నాడు.

"ఈసారి మధిరకు రైల్లో పోదాం బావా."