చెట్టు నరికి కల్లు మీద నెపమా?

మేడ్చల్ దగ్గర గౌడవెల్లికి పేరులోనే ‘గౌడ’ ఉంది. ఇప్పుడు ఆ ఊరి దాపునే ఔటర్ రింగ్ రోడ్డు పోతోంది. మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల చేలు ప్లాట్లవుతున్నాయి. గట్ల మీది తాటిచెట్లు, ఈతచెట్లు నేలకూలుతున్నాయి. అనుమతి లేనిదే కల్లు చెట్టు నరకరాదని నిబంధన ఉంది. రియల్ ఎస్టేటు వాని బుల్‌డోజరుకు ఆ నిబంధన అడ్డమొస్తుందా?

2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. ఎంతోమంది ఆసుపత్రుల పాలయ్యారు. వెంటనే పాత పాటే మొదలైంది: కల్లు దుకాణాలు మూసెయ్యండి!

చంపింది కల్లా? కాదు. అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు తాటిచెట్టుకు కాయవు. అవి మందుల కార్ఖానాల్లో తయారై, దళారుల చేతులు మారి పీపాల్లో పడుతున్నాయి. చెట్లు తరిగిపోయిన చోట గిరాకీ మాత్రం తరగలేదు. చెట్టు ఇవ్వని కల్లును నీళ్ళతో, మత్తుమందుతో నింపే దొంగ లాభం అక్కడే పుట్టింది. దుకాణం పేరు సంఘానిది, పెత్తనం కాంట్రాక్టరుది అయిన చోట చెట్టెక్కేటోడికి దక్కేది కూలి డబ్బులే. కేసు పడితే మాత్రం నింద మొత్తం గీత వృత్తి మీద!

ఈ అన్యాయానికి చట్టంలోనే వేరు ఉంది. నిజాం కాలంలో ఆబ్కారీ సర్కారు ఖజానాకు పెద్ద ఆదాయం. చెట్టుకింత అని పన్ను గుంజేవారు. చెట్టుపన్నుపై గీత కార్మికులు ఏళ్ళ తరబడి పోరాడారు. బొమ్మగాని ధర్మభిక్షం వంటి నాయకులు వారికి అండగా నిలిచారు. 2014లో తెలంగాణ ఏర్పడిన తరువాత ఆ పన్ను రద్దయింది. మంచిదే. కాని 1968 నాటి ఎక్సైజు చట్టం గొడుగు కిందనే నేటికీ కల్లూ ఉంది, విస్కీ కూడా ఉంది. పొద్దుగాల దించిన తియ్యని నీరా లొట్టిలోనే తనంతట తాను పులుస్తుంది. బట్టీ లేదు, కార్ఖానా లేదు. పులిసిన కల్లులో సారం నూటికి సుమారు అయిదు పాళ్ళు. సీసా విస్కీలో 42.8 పాళ్ళు. రెంటినీ ఒకే కంటితో చూడటం ఏం న్యాయం?

2004లో హైదరాబాదు నగరంలో కల్లు దుకాణాలు మూశారు. వైన్ షాపులను మాత్రం ముట్టుకోలేదు. 2014లో కల్లు దుకాణాలను మళ్ళీ తెరిచారు. 2025లో 2,620 మద్యం దుకాణాలకు దరఖాస్తు పెట్టడానికే తిరిగి ఇవ్వని రుసుము 3 లక్షల రూపాయలు! ఇంత రాబడి రుచి మరిగిన సర్కారు కల్లు దుకాణం మూస్తే, కూలివాడి పైసలు ఏ దుకాణానికి పోతాయో చెప్పనక్కర లేదు.

మేము తాగమని చెప్పడం లేదు. 1992లో దూబగుంట అక్కచెల్లెళ్ళు ఎత్తిన సారా వ్యతిరేక జెండా మనదే. ఇంట్లో పొయ్యి ఆర్పే ఏ తాగుడునూ మేము సమర్థించం. కాని కల్తీ చేసినోన్ని వదిలి, ప్రాణం మోకుకు కట్టుకుని చెట్టెక్కేటోన్ని శిక్షిస్తామంటే ఒప్పుకోం. చెట్టు మీది నుంచి పడి చస్తే 5 లక్షలు, 2024లో మొదలైన కాటమయ్య రక్షా కవచం కిట్లు — ఇవి అవసరమే. అయితే ఎక్కడానికి చెట్టే లేకుంటే కిట్టు దేనికి?

మద్యం మీద పన్ను, అదుపు రాష్ట్రం చేతిలోనివి. 2017 నాటి జీఎస్టీ కూడా తాగే మద్యాన్ని వదిలేసింది. కనుక ఢిల్లీ మీద నెపం వెయ్యడానికి వీల్లేదు. కల్లుకు సారా, విస్కీలతో సంబంధం లేని వేరే చట్టం కావాలి. ఏ దుకాణానికి ఎన్ని చెట్లున్నాయి, ఎంత కల్లు అమ్ముతున్నారు అన్న లెక్క బయట పెట్టాలి. దుకాణం దగ్గరే పరీక్ష జరగాలి. మత్తుమందు సరఫరా చేసే పెద్ద చేపలను పట్టాలి. బినామీ కాంట్రాక్టర్లను తరిమి, సంఘాలను గీసేటోళ్ళ చేతికే ఇవ్వాలి. చెట్లు పెంచడానికి సంఘాలకు భూమి ఇవ్వాలి.

గీత కార్మికుడు, వ్యవసాయ కూలీ ఒకే గట్టు మీది మనుషులు. గట్టు పోతే ఇద్దరూ పోతారు. ప్లాట్ల రాళ్ళు పాతక ముందే, ఊరూరా కలిసి చెట్లు లెక్కపెట్టండి. ఆ లెక్క పట్టుకుని ఎక్సైజు కార్యాలయాల ముందు నిలబడండి.