కార్బన్ డయాక్సైడ్ ప్రయోగాల డేటాను భద్రపరచడం, పంచుకోవడంపై తీర్మానం

సికింద్రాబాద్‌లో సమావేశమైన వ్యవసాయ, పర్యావరణ పరిశోధకులు, అధ్యాపకులు, విద్యార్థుల ఈ సభ సుదీర్ఘంగా చర్చించి కింది తీర్మానాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది.

జంటనగరాల్లోనే, సంతోష్‌నగర్‌లో, 1985 నుంచి కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ (క్రిడా) పనిచేస్తున్నది. పైభాగం తెరిచి ఉన్న చాంబర్లలో ఆముదం, కంది, మినుము, వేరుశనగ వంటి పంటలను పెంచి, గాలిలో కార్బన్ డయాక్సైడ్‌ను 550, 700 పీపీఎం స్థాయిలకు పెంచితే ఏమవుతుందో అక్కడి శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి పరిశీలించారు. అలా పెరిగిన ఆముదపు ఆకులో నత్రజని తగ్గుతుందనీ, అందువల్ల నామాల పురుగు, పొగాకు లద్దె పురుగు మరింత ఆకు తింటాయనీ తేల్చారు. ఆముదం వేసుకునే పాలమూరు, నల్లగొండ రైతులకు ఇది రేపటి సమస్య. ఈ కృషిని సభ గౌరవంతో అభినందిస్తున్నది.

అయితే పరిశోధన పత్రాల్లో అచ్చయ్యేవి సగటులు మాత్రమే. పంటల కంప్యూటర్ నమూనాలు తయారుచేసేవారికి ఏ గంటకు చాంబర్‌లో నిజంగా ఎంత వాయువు ఉందో, సిలిండర్ అయిపోయి సరఫరా ఎప్పుడు ఆగిందో, చుట్టూ ఉన్న పారదర్శక షీటు వల్ల లోపల ఎన్ని డిగ్రీల వేడి పెరిగిందో, విత్తనం ఏ రకమో, నేల ఏదో, తడి ఎప్పుడిచ్చారో తెలియాలి. ఇవి లేకుండా 550 అన్న అంకె ఒక్కటే మిగిలితే, ఆ ప్రయోగాన్ని మరొకరు సరిచూడలేరు. అమెరికాలోని డ్యూక్ పైన్ అడవి, ఓక్ రిడ్జ్ స్వీట్‌గమ్ తోటల ప్రయోగాలను 11 నమూనాలతో సరిపోల్చగలిగారంటే, వాతావరణ వివరాలు సహా అన్నీ ఒకే పద్ధతిలో కూర్చి అందరికీ ఇచ్చినందువల్లే. ఓక్ రిడ్జ్‌లోని కార్బన్ డయాక్సైడ్ సమాచార కేంద్రం 2017లో మూతపడినా, అక్కడి డేటాను మరో భాండాగారానికి తరలించగలిగారు. కేంద్రాలు మూతపడతాయి, పథకాలు ముగుస్తాయి, శాస్త్రవేత్తలు రిటైరవుతారు. అంకెలను మాత్రం పోనివ్వకూడదు.

ప్రజాధనంతో సేకరించిన డేటాను పంచుకోవాలని 2012 నాటి జాతీయ విధానం చెబుతున్నది. భారత వ్యవసాయ పరిశోధన మండలికి పరిశోధన డేటాను ఉంచే ‘కృషి’ పోర్టల్ ఉంది. కాబట్టి వాతావరణ మార్పును తట్టుకునే వ్యవసాయం కోసం మండలి 2011లో మొదలుపెట్టిన ‘నిక్రా’ పథకం కింద జరిగిన ఇటువంటి కార్బన్ డయాక్సైడ్ ప్రయోగాలన్నింటి ముడి డేటాను, ప్రయోగం ముగిసిన రెండేళ్లలోగా, కొలమానాల వివరణతో సహా ఆ పోర్టల్‌లో ఉంచాలని ఈ సభ కోరుతున్నది. పరికరం చెడిన రోజులను తుడిచేయకుండా గుర్తుపెట్టి ఉంచాలి. ఫలితం రాని ప్రయోగాలనూ చేర్చాలి.

తాము శ్రమపడి సేకరించిన అంకెలతో వేరొకరు ముందే పత్రం రాసేస్తారని యువ పరిశోధకులు కొందరు ఆందోళన వెలిబుచ్చారు. అది న్యాయమైన ఆందోళన. రెండేళ్ల గడువు పెట్టింది అందుకే. డేటాను వాడుకున్న ప్రతివారూ సేకరించినవారి పేర్లను విధిగా పేర్కొనాలి. ఎండలో నిలబడి కొలతలు తీసిన క్షేత్ర సహాయకుల పేర్లు కూడా అందులో ఉండాలి.

సభ్యులు తమ దగ్గరున్న పాత క్షేత్ర పుస్తకాలను స్కాన్ చేయించి, వాటి జాబితాను వచ్చే సమావేశానికి తేవాలి. ఈ తీర్మానం ప్రతులను క్రిడా డైరెక్టరుకు, భారత వ్యవసాయ పరిశోధన మండలికి, రాష్ట్ర వ్యవసాయ విశ్వవిద్యాలయానికి పంపాలని కార్యదర్శిని సభ ఆదేశించింది.