పొగ పట్టిన రోజు పని ఆపమని అడగడం తప్పు కాదు



అడవి మంటల కాలం వస్తోంది. తోటల్లో, కట్టడాల దగ్గర, డెలివరీ బండ్ల మీద పనిచేసే మనవాళ్లు ఒక మాట అంటుంటారు: "కట్టెల పొయ్యి దగ్గర పెరిగినోళ్లం, ఈ పొగ మనకో లెక్కా?" లెక్కే. పొగ ఊపిరితిత్తులకు అలవాటు కాదు. ఆ పొయ్యి పొగకే మన ఊళ్లలో ఎంతమంది అమ్మలకు ఆయాసం పట్టుకుందో మరిచిపోతే ఎలా?

పొగలో కంటికి ఆనని నుసి ఉంటుంది. దాన్ని పీఎం 2.5 అంటారు. వెంట్రుక మందంలో దాదాపు 30వ వంతు. ముక్కు, గొంతు దాన్ని ఆపలేవు. మన గాలిగొట్టాల లోపలి గోడ కణాలతో కట్టింది. ఇటుకల మధ్య సిమెంటు లాగా, ఆ కణాలను ఆక్లూడిన్, ఈ-క్యాడ్‌హెరిన్ అనే ప్రోటీన్లు కలిపి పట్టుకుంటాయి. ల్యాబుల్లో మనిషి గాలిగొట్టాల కణాలకు ఈ నుసి తగిలించి చూస్తే ఆ ప్రోటీన్లు తగ్గాయి, గోడకు సందులు పడ్డాయి. ఆ సందుల్లోంచి క్రిములు సులువుగా లోపలికి దిగుతాయి. ఇంకోపక్క కఫాన్ని చిక్కగా చేసే మ్యూసిన్ అనే ప్రోటీన్ పెరుగుతుంది. అంటే దగ్గు రాలేదు కదా, నాకేం కాలేదు అనుకోవడానికి లేదు.

2019-20 వేసవిలో మంటల్లో నేరుగా చనిపోయింది 33 మంది. ఆ పొగ వల్ల తూర్పు ఆస్ట్రేలియాలో ఇంకో 417 మంది దాకా చనిపోయి ఉంటారని పరిశోధకుల లెక్క. మంట కన్నా పొగే ఎక్కువమందిని తీసుకుపోయింది.

అందుకే నేననేది ఒక్కటే: ఎత్తు మీద పని, కరెంటు పని ఎంత ప్రమాదమో పొగలో పని కూడా అంతే అని చూడాలి. 2019 డిసెంబర్‌లో సిడ్నీ పోర్ట్ బోటనీలో రేవు కార్మికులు పొగ వల్ల పని ఆపేసి బయటికొచ్చారు. వాళ్ల వెనక యూనియన్ ఉంది. మనకేమో వీసా భయం, షిఫ్టులు పోతాయన్న భయం. అది ఉత్త భయమేం కాదు. క్యాజువల్‌గా చేసేవాళ్లకు ఆగిన రోజు కూలి లేని రోజు కావచ్చు. కానీ చట్టం మనవైపూ ఉంది. న్యూ సౌత్ వేల్స్, క్వీన్స్‌లాండ్ లాంటి చాలా రాష్ట్రాల్లో, ఆరోగ్యానికి తీవ్రమైన ముప్పు ముంచుకొస్తోందని సరైన కారణం ఉంటే పని ఆపే హక్కు ప్రతి కార్మికుడికీ ఉంది, వీసా ఏదైనా సరే. ఆపినట్టు వెంటనే యజమానికి చెప్పాలి. లోపల వేరే తగిన పని ఇస్తే చేయాలి. మాస్కు డబ్బులు మన దగ్గర వసూలు చేయకూడదు. విక్టోరియాలో చట్టం వేరు, అక్కడివాళ్లు ముందు సేఫ్టీ ప్రతినిధితో మాట్లాడండి.

పొగ వచ్చాక ఒక్కరు అడిగితే ఒక్కరి షిఫ్టే పోతుంది. పొగ రాకముందే నలుగురూ కలిసి సూపర్‌వైజర్‌ని అడగండి: "గాలి 'వెరీ పూర్' అయిన రోజు ఏం చేద్దాం సార్?" జవాబు మెసేజ్‌లో తీసుకోండి. తుండుగుడ్డ, సర్జికల్ మాస్కు ఈ నుసిని సరిగా ఆపవు. పీ2 మాస్కు కావాలి, అదీ ముఖానికి బిగుతుగా. గడ్డం ఉంటే గాలి పక్కనుంచి దూరుతుంది.

సేఫ్‌వర్క్ న్యూ సౌత్ వేల్స్: 13 10 50. తెలుగులో మాట్లాడాలంటే దుబాసీ సేవ 131 450కి ముందు ఫోన్ చేయండి. ఈ నంబర్లు ఇవాళే సేవ్ చేసుకోండి, పక్క గదివాళ్లకూ పంపండి.