సుగ్గికి పోయిన ఇంట్లో ఫోనే కాపలా

పిల్లల చేతిలోంచి ఫోన్ ఎలా తీయాలన్న సలహాలకు కొదవ లేదు. భోజనాల గదిలోకి ఫోన్ తేవద్దు, పడకగదిలో టీవీ పెట్టొద్దు, సాయంత్రం ఈతకో డ్రాయింగుకో పంపండి అంటారు. మంచి మాటలే. కానీ కర్నూలు జిల్లా ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల చాలా ఇళ్లకు భోజనాల గది, పడకగది అని వేరువేరుగా ఉండవు. అసలీ సలహాలన్నీ బడి వదిలే వేళకు ఇంట్లో పెద్దవాళ్లు ఒకరైనా ఉంటారనే లెక్క మీద నడుస్తాయి. ఆ లెక్కే ఇక్కడ తప్పుతోంది.

పత్తి తీతల కాలంలో చీకటితో లేచి సద్ది కట్టుకుని ఆటోల్లో కిక్కిరిసి పోయే ఆడకూలీలు పొద్దుగుంకాక గాని ఇల్లు చేరరు. బడి వదిలాక అమ్మ వచ్చేదాకా పిల్లల్ని కాసేది ఫోనే. ఆ తల్లిని నిలదీసి చూడండి, ‘సూడనీ సార్, లేకుంటే రోడ్డు మీదికి పోతాడు’ అంటుంది. లారీలు, ట్రాక్టర్లు తిరిగే వీధిలో ఆ భయం ఉత్తిది కాదు. ఆడపిల్లయితే గడప దాటనివ్వని భయాలు ఇంకా ఎక్కువ.

సుగ్గికి, అంటే పనుల కాలంలో వలసకు, పోయే ఇళ్లది మరో కథ. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం మండలాల నుంచి ఏటా వేల కుటుంబాలు గుంటూరు మిరప చేలకు, తెలంగాణ పత్తి చేలకు, బెంగళూరు కట్టడం పనులకు తరలిపోతాయి. పిల్లల్ని వెంట తీసుకుపోతే చదువు పోతుంది, అవ్వ దగ్గర వదిలితే చేతికి ఫోన్ వస్తుంది. ఆ ఫోన్ కొనిచ్చేది తల్లిదండ్రులే, బిడ్డ మొహం చూసుకోవడానికి. రాత్రి వీడియో కాల్ వస్తే ఎత్తి అవ్వ చేతికిచ్చేది మనవడే. మాటలు అయిపోతాయి, ఫోన్ మాత్రం వాడి దగ్గరే ఉండిపోతుంది. చదవడం రాకపోయినా మైకు గుర్తు నొక్కి బొమ్మ పేరు చెబితే చాలు, ఒకదాని వెంట ఒకటి వీడియోలు వాటంతటవే వస్తుంటాయి. అవ్వకు ఫోన్ ఆపడం ఎలాగో తెలియదు.

వైద్యులు చెప్పే హద్దులు స్పష్టంగానే ఉన్నాయి. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు గంట మించి తెర వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. రెండేళ్లలోపు వారికి అసలే వద్దని, ఐదు నుంచి పదేళ్ల వారికి రెండు గంటల లోపే ఉండాలని భారత శిశువైద్యుల సంఘం అంటోంది. రెండేళ్లలోపు వారికి ఆ సంఘం ఇచ్చిన మినహాయింపు ఒక్కటే: అయినవాళ్లతో అప్పుడప్పుడూ వీడియో కాల్. సుగ్గి కుటుంబాలను ఎరిగినవాళ్లు రాసినట్టే ఉంది.

ఈ తెరను ఇంటికి తెచ్చిన నేరం ఒక్క తల్లిదండ్రుల మీదే వేయడం కూడా న్యాయం కాదు. 2020లో బడులు మూసి పాఠాలను ఫోన్లోకి పంపాం. 2022 డిసెంబర్ 21 నుంచి ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు రాష్ట్రమే ట్యాబులు పంచింది. చదువు కోసమే, సందేహం లేదు. అయితే పల్లె పిల్లల చదువులపై జరిగే ‘అసర్’ సర్వే 2024 నివేదిక ప్రకారం దేశంలోని పల్లెల్లో స్మార్ట్‌ఫోన్ వాడటం తెలిసిన 14–16 ఏళ్ల పిల్లల్లో అంతకుముందు వారం చదువు కోసం వాడినవారు 57 శాతం, సోషల్ మీడియా కోసం వాడినవారు 76 శాతం.

చట్టంతో అడ్డుకుందామా? ఆస్ట్రేలియా 2025 డిసెంబర్ 10 నుంచి పదహారేళ్లలోపు వారికి సోషల్ మీడియా ఖాతాలు లేకుండా చేసింది. మన 2023 డేటా రక్షణ చట్టం కూడా పద్దెనిమిదేళ్లలోపు వారి సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటోంది. కానీ ఈ కట్టడి అంతా ఖాతా ఎవరి పేరున ఉందన్న దాని మీద ఆధారపడింది. ఇక్కడ ఇంటికంతా ఒకటే ఫోన్, అందులో ఖాతా నాయనది. పగలంతా బొమ్మల సినిమాలు చూస్తున్నది ముప్పై ఐదేళ్ల మనిషేనని కంపెనీ అనుకుంటుంది. తెర సమయానికి తాళం వేసే యాప్‌లు లేకపోలేదు. 2011 జనగణన నాటికి అక్షరాస్యత 60 శాతం దగ్గరే ఆగిన జిల్లాలో ఆ సెట్టింగులు ఇంట్లో అందరికంటే బాగా చదవగలిగేది ఆ పిల్లవాడే.

పాత రోజులే మేలన్న మాట ఎమ్మిగనూరులో తరచూ వినిపిస్తుంది. మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం పెట్టిన ఊరిది. గుంట మగ్గం ఇంట్లోనే ఉండేది, తల్లీతండ్రీ కళ్లెదుటే ఉండేవారు. నిజమే. కాకపోతే ఆ పిల్లలు ఊరికే ఆడుకోలేదు, కండెలు చుట్టారు. చుడుతూ బడి మానేసినవాళ్లూ ఉన్నారు. ఆ కాలం తిరిగి రావాలని నేను కోరుకోను.

మహారాష్ట్రలోని సాంగ్లీ జిల్లా మోహిత్యాంచె వడగావ్ గ్రామం వేరే దారి తొక్కింది. 2022 నుంచి రాత్రి ఏడింటికి సైరన్ మోగుతుంది, గంటన్నర సేపు ఊరంతా టీవీలు, ఫోన్లు కట్టేస్తారు. పెద్దవాళ్లు కూడా. నాకు నచ్చింది ఆ చివరి సంగతే. కూలి నుంచి వచ్చిన తండ్రి గోడకు ఆనుకుని రీల్స్ చూస్తూ కొడుకును పుస్తకం తీయమంటే ఎవడు వింటాడు? అన్నం తినేటప్పుడు, పడుకునే ముందు ఫోన్ అటక మీద పెట్టడం ఒంటి గది ఇంట్లోనూ సాధ్యమే. ఆ పని మొదలుపెట్టాల్సింది నాయన.

మిగతాది ఇంటి వల్ల అయ్యే పని కాదు. బడి వదిలాక గేటుకు తాళం వేసే బదులు చీకటి పడేదాకా ఆవరణ తెరిచి, ఒక మనిషిని కాపలా పెట్టి, రెండు బంతులు, నాలుగు క్యారమ్ బోర్డులు ఇస్తే ఎంత ఖర్చవుతుంది? ఆదోని, ఎమ్మిగనూరు మున్సిపాలిటీలు తలుచుకుంటే రేపే మొదలుపెట్టవచ్చు. సమగ్ర శిక్ష కింద నడిపే సీజనల్ హాస్టళ్లు ఉన్నవే ఈ వలస పిల్లల కోసం. అవి సుగ్గి బండ్లు కదిలాక తెరిస్తే ఫలితం ఉండదు. ఏ ఊరి నుంచి ఎందరు పోతారో ఆయా బడుల పంతుళ్లకు ముందే తెలుసు. ఆ జాబితాలు దసరాలోపు రాయించి, దీపావళికల్లా హాస్టళ్లు తెరవాలని జిల్లా అధికారులకు విన్నపం.