కోట్లు సరే, కోటెవురిస్తారు?

పారిస్ ఒలింపిక్స్ అప్పుడు టర్కీ ఆయప్ప ఫోటో మీ ఫోన్లోకి రాకుండా ఉండదు. యూసుఫ్ డికెచ్. 2024 జులైలో ఒక చెయ్యి జేబులో పెట్టుకోని, మామూలు టీషర్టు, మామూలు కళ్లద్దాలతో పిస్టలు కాల్చి, జోడీ పోటీలో వెండి పతకం తీసుకుపోయినాడు. మావూరి వాట్సాప్ గ్రూపులో ఒకటే మాట, "టాలెంటుంటే చాలబ్బా, ఈ వేషాలన్నీ ఎందుకు?" అని. నేను గూడా నవ్వి, నాలుగు గ్రూపులకు పంపినోన్నే.

ఆ మాట సగమే నిజమని మా చెల్లెలి బిడ్డ వల్ల తెలిసొచ్చింది.

పిస్టలు ఒంటి చేత్తో కాల్చేది. దానికి బిర్రు కోటు లేదు, నియమాలు గూడా ఒప్పుకోవు. మన హైదరాబాదు పాప ఈషా సింగ్, 2023లో హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో ఒక బంగారం, మూడు వెండి తెచ్చిందే, ఆ పాపదీ పిస్టలే. రైఫిలు కత వేరే. ఎయిర్ రైఫిలు 5.5 కిలోల దాకా ఉండొచ్చు. దాన్ని నిలబడి, ఎడమ మోచెయ్యి నడుముకు ఆనించి, వీపు రొంత వెనక్కి వంచి, గంటంబావులో 60 గుండ్లు కాల్చాల. 10 మీటర్ల దూరంలో ఉండే పది చుక్క ఎంతనుకున్నారు? అర మిల్లీమీటరు. బాల్‌పెన్నుతో పెట్టే చుక్క. గుండె కొట్టుకున్నా గురి కదిలిపోతాది.

అందుకే ఆ కోటు. దాన్ని మనోళ్లకు చెప్పాలంటే ఒకే మాట చాలు: పుత్తూరు కట్టు. ఇరిగిన ఎముక కదలకుండా ఆ కట్టు పట్టుకున్నట్టు, మందపాటి కాన్వాసు, తోలుతో కుట్టిన ఈ కోటు నడుమును, భుజాన్ని పట్టుకుంటాది. ఫ్యాంటు గూడా అట్లాంటిదే. బూటు, గ్లౌజు వేరే. అన్నీ వేసుకోని నడిస్తే కొయ్యబొమ్మ నడిచినట్టుంటాది.

అట్లని నిజంగా కట్టు కట్టేస్తే అది ఆట కాదు గదా. ఆడనే నియమాలు మొదలయ్యేది. అంతర్జాతీయ సమాఖ్య లెక్క ప్రకారం కోటు గుడ్డ ఒక పొర 2.5 మిల్లీమీటర్లు దాటకూడదు. బిర్రుతనం కొలిచేదానికి ఒక చిన్న మిషనుంది. గుడ్డ మీద పెట్టి ఒక కిలో బరువుతో నొక్కితే కనీసం 3 మిల్లీమీటర్లు కిందికి పోవాల. పోకుంటే కోటు పనికిరాదు. బూటు అడుగు గూడా ఒంగాల. పోటీ అయిపోయినాక గూడా పిలిచి కొలుస్తారు, అప్పుడు తప్పు తేలితే కొట్టిన స్కోరు గాలికి పోయినట్టే. ఈ నియమాలు మంచివే అని నేనంటా. లేకుంటే డబ్బుండేవాడు ఇనప పెట్టెలాంటి కోటు కుట్టించుకోని వస్తాడు.

మా పాప కాలేజీ ఎన్‌సీసీలో పండుకోని .22 రైఫిలు కాల్చి, ఆ పిచ్చిలో పడింది. మా చెల్లెలు భయపడిపోయింది. మన కొండపల్లెల్లో తుపాకంటే పందులు కొట్టే నాటు తుపాకీ, దాని యెనకే పోలీసులు గదా. 4.5 మిల్లీమీటర్ల, తక్కువ శక్తి ఎయిర్ రైఫిలుకు లైసెన్సు అక్కరలేదని చెప్పి ఒప్పించేసరికి నెల పట్టింది. రైఫిలు రేంజిలో ఇచ్చినారు. కోటు మాత్రం ఎవురో సీనియర్ది అడుక్కోని మొదటి పోటీకి పోయినాం. మిషను పెట్టినారు. వీపు దగ్గర 2.7 చూపించింది. 0.3 మిల్లీమీటరు తక్కువ. కోటు పక్కన పెట్టేసి పాప స్వెట్టరు మీదనే 60 గుండ్లు కాల్చింది. స్కోరు అడగొద్దండి. కొలిచినాయన్ను నేను తప్పు పట్టను, ఆయన పని ఆయన చేసినాడు. అప్పుతెచ్చిన కోటుతో పోటీకి పోవాల్సి రావడమే నాకు మింగుడు పడలేదు.

60 వేల కోటు అనుకుందాం. 2025లో మన తోతాపురికి ఫ్యాక్టరీ 8, సర్కారు 4 కలిపి కిలో 12 రూపాయలని ప్రకటించినారే, ఆ లెక్కన 5 టన్నుల కాయ. కోత కూలి, బండి బాడుగ పక్కన పెట్టినా. అదన్నా ఒకసారి కొని ఊరకుంటే సరిపోతాదా? 14 ఏండ్ల బిడ్డ రెండేండ్లలో ఎదిగిపోతాది, కోటు ఎదగదు.

మన రాష్ట్రం 2024లో కొత్త క్రీడా విధానం తెచ్చింది. ఒలింపిక్ బంగారానికి బహుమతి 75 లక్షల నుంచి 7 కోట్లకు పెంచినారు. సంతోషమే. అయితే ఆ 7 కోట్లు పతకం మెడలో పడినాక వచ్చేవి. ఆ డబ్బులో ఎంత చిన్న ముక్క ముందే ఖర్చు పెడితే జిల్లాకు ఇరవై కోట్లు వస్తాయో లెక్కేయండి. ఈసారి నేననేది కోటు, కోటి కాదు. అన్ని సైజుల్లో కొని, మిషనుతో కొలిపించి, లైబ్రరీ పుస్తకం మాదిరి రేంజిలో పెట్టి ఇయ్యాల. ఒక బిడ్డకు చిన్నదైతే ఇంకో బిడ్డకు పోతాది.

పారిస్‌లో 50 మీటర్ల రైఫిల్లో కంచు కొట్టిన స్వప్నిల్ కుసాలేది కొల్హాపూర్ పక్కన పల్లె, వాళ్ల నాయన పంతులు, స్వప్నిల్ అప్పటికి రైల్వేలో టికెట్ కలెక్టరు. పల్లెటూరోళ్లకు గురి లేదనేవాళ్లకు ఆయన పేరు చెప్పండి. 2012 లండన్‌లో కంచు తెచ్చిన గగన్ నారంగ్ పెరిగింది హైదరాబాదులో, వినికిడి లేని ధనుష్ శ్రీకాంత్ 2022లో బ్రెజిల్ డెఫ్లింపిక్స్‌లో బంగారం కొట్టిందీ ఆ ఊర్నుంచే. రేంజి, కోచి, కోటు ఆడ చేతికందుతాయి. చిత్తూరు నుంచి ఆడికి పోవాలంటే ఒక రాత్రి బస్సు.

నగరిలో మరమగ్గాలుండాయి, పుత్తూరులో టైలర్లుండారు. కాన్వాసు కోటు మనోళ్లు కుట్టలేరా అని ఒక టైలరన్నను అడిగినా. "కుట్టేది కుడతా నాయనా, ఆ కొలిచే మిషను మాత్రం నువ్వు తీసకరా" అన్నాడు. దానికోసమే ఇప్పుడు తిరగతా ఉండా.