పందికి చట్టం... రైతుకు మంచె!

ఒంటిమిట్ట కోదండరాముని కల్యాణం ఏడాదికి ఒక్క రాత్రి. ఆ రాత్రికి మంత్రులొస్తారు, ఆఫీసర్లొస్తారు, సర్కారు పట్టువస్త్రాలు తెస్తుంది. తక్కిన రాత్రుల్లో ఒంటిమిట్ట చేలకు వచ్చేది అడవిపందులే. ఆ రాత్రుల సంగతి అడిగే నాథుడు లేడు.

ఒక దిక్కు లంకమల, ఒక దిక్కు శేషాచలం కొండల బారు. నడుమ మన పల్లెలు. చెనిక్కాయ ఊడలు దిగి కాయ పట్టే నాటికి పందుల మంద దిగుతుంది. పంది తినేది పావలా, పాడుచేసేది ముప్పావలా. ముట్టెతో సాలుకు సాలు పెళ్ళగించి పోతుంది. తెల్లారేసరికి చేనులో మిగిలేది మట్టిగడ్డలే. బ్యాంకు అప్పు మాత్రం చెక్కుచెదరదు!

ఇప్పటికే సోమశిల వెనుక జలాలు ఒంటిమిట్ట మండలంలో చేలను ముంచాయి. ఆ నీళ్ళు పారేది నెల్లూరు జిల్లా మాగాణికి. మునగ్గా మిగిలిన చేను పందుల పాలు. ఇక మనకేం మిగిలింది? మంచె, లాంతరు, నిద్రలేని కళ్ళు!

అడవిపంది మీద మనకు పగ లేదు. వరాహస్వామిని తొలుత దర్శించి కొండ మీద వెంకన్నను మొక్కే జనం మనం. పైగా అది ఈ నేలలో పుట్టిన జంతువే. కానీ చిరుత, రేసుకుక్క తగ్గినచోట పందిని అదుపు చేసేదేది? నాలుగు నెలలకు ఈత, ఈతకు నాలుగు నుంచి ఆరు పిల్లలు. అడవిలో ఎండాకాలం నీళ్ళుండవు, చేలో తిండీ నీళ్ళూ రెండూ ఉంటాయి. పంది ఎటు వస్తుందో చెప్పడానికి శాస్త్రవేత్త కావాలా?

చట్టం ఏమంటోంది? 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అడవిపంది ఇదివరకు మూడో షెడ్యూలులో ఉండేది. 2022 సవరణ తర్వాత రెండో షెడ్యూలులోకి వచ్చింది. అదే చట్టం 11వ సెక్షన్ చదవండి. మనిషి ప్రాణానికి గానీ, నిలబడిన పైరుకు గానీ ముప్పుగా మారిన ఇలాంటి జంతువును వేటాడేందుకు చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్, లేదా ఆయన అధికారం ఇచ్చిన ఆఫీసరు రాతపూర్వకంగా అనుమతి ఇవ్వొచ్చు. అంటే చట్టం రైతు చేతులు పూర్తిగా కట్టేయలేదు. కట్టేసింది పాలకుల నిర్లక్ష్యమే!

కేరళ 2022లో ఏం చేసింది? పంచాయతీ అధ్యక్షులకే గౌరవ వైల్డ్‌లైఫ్ వార్డెన్ హోదా ఇచ్చి, చేలల్లో పడే పందులను కాల్చేందుకు ఉత్తర్వు ఇచ్చే అధికారం అప్పగించింది. ఉత్తరాఖండ్, బిహార్ రాష్ట్రాలు కేంద్రాన్ని ఒప్పించి కొన్ని జిల్లాల్లో కొంత కాలానికి పందిని హానికర జంతువుగా ప్రకటింపజేసుకున్నాయి. వాళ్ళకు చేతనైంది మన ఏలికలకు ఎందుకు చేతకాదు? ఎర్రచందనం దుంగకు టాస్క్‌ఫోర్సు కాపలా ఉంది. చెనిక్కాయకు లేదు. దుంగ సర్కారు సొమ్ము, చెనిక్కాయ రైతు సొమ్ము. అదీ తేడా!

తుపాకి మాటెత్తితే సీమ అంటే ఫ్యాక్షన్ అని ముఖం చిట్లిస్తారు. 1959 ఆయుధాల చట్టమే పంట కాపలాకు నాటు తుపాకి లైసెన్సుకు దారి చూపింది. చట్టం గుర్తించిన అవసరాన్ని సీమ రైతు అడిగితే మాత్రం అనుమానమా?

దారి చూపకపోతే రైతు ఏం చేస్తాడు? చేను చుట్టూ కరెంటు తీగ లాగుతాడు. ఇక్కడ మనవాళ్ళకూ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆ తీగ పందిని ఎంచుకుని చంపదు. నీళ్ళు కట్టడానికి వచ్చిన పక్క చేను రైతును చంపుతుంది, మేతకు పోయిన గొడ్డును చంపుతుంది, తీగ లాగిన వాణ్ణే చంపుతుంది. నాటు బాంబు కూడా అంతే. పందిపోరు తీరకపోగా ఇంట్లో శవం, కోర్టులో కేసు. ఆ తీగలను ఈ రాత్రే పీకేయండి!

అట్లాగని ఎవరి చేతికంటే వాళ్ళ చేతికి తుపాకి ఇవ్వమని మేం అడగడం లేదు. అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రం 1999లో పందివేటకు తలుపులు బార్లా తెరిచింది. ఏమైంది? వేట సరదా కోసం జనమే పందులను కొత్త చోట్లకు తరలించి వదిలారు. మందలు తగ్గలేదు, మరిన్ని జిల్లాలకు పాకాయి. 2011లో ఆ వేటను మూసేయాల్సి వచ్చింది. కాబట్టి మనకు కావాల్సింది సరదా వేట కాదు, మాంసం వ్యాపారం కాదు. లెక్కా పత్రం ఉన్న అదుపు కావాలి.

అందుకే మా డిమాండ్లు ఇవి:

చేలో పడిన పందిపై రైతు అర్జీకి గడువులోగా జవాబిచ్చే అధికారం ఒంటిమిట్టకు అందుబాటులోని ఆఫీసరుకు ఇవ్వాలి. వందల కిలోమీటర్ల దూరంలోని ఆఫీసు చుట్టూ తిప్పొద్దు.

లైసెన్సు, శిక్షణ ఉన్న షూటర్ల జాబితా తయారుచేయాలి. వేట చేలకే పరిమితం కావాలి. అభయారణ్యం జోలికి పోకూడదు. చంపిన ప్రతి పందికీ లెక్క రాయాలి.

సోలార్ కంచెకు సన్నకారు రైతు భరించగల సబ్సిడీ ఇవ్వాలి. చెనిక్కాయ చుట్టూ ముళ్ళ కుసుమ సాళ్ళు వేస్తే పంది జంకుతుందని రాజేంద్రనగర్ శాస్త్రవేత్తలు ఎప్పుడో చెప్పారు. ఆ విత్తనం పల్లెకు చేర్చాలి.

అడవి జంతువుల వల్ల జరిగే పంటనష్టానికి 2026 ఖరీఫ్ నుంచి ఫసల్ బీమా వర్తిస్తుందని కేంద్రం 2025 నవంబరులో ప్రకటించింది. అయితే ఏ జంతువులో, ఏ ప్రాంతాలో రాష్ట్రమే నోటిఫై చేయాలి. ఆ జాబితాలో అడవిపందీ, ఒంటిమిట్టా ఉండి తీరాలి!

విద్యార్థులారా! ఆ బీమాకు నష్టం జరిగిన 72 గంటల్లో ఫోను యాప్‌లో ఫొటోతో సహా తెలపాలి. రాత్రంతా మంచె మీదుండే ముసలి రైతుకు ఆ యాప్ ఎవరు నేర్పుతారు? మీరే నేర్పాలి. ఉద్యోగ మిత్రులారా! పంచనామా రాసే కలం మీ చేతిలో ఉంది. చేనుకు పోయి రాయండి, ఉన్నది ఉన్నట్టు రాయండి. రైతులారా! ఒక్కొక్కరు అర్జీ పెడితే బుట్టదాఖలు చేస్తారు. ఊరంతా కలిసి పెట్టండి, రసీదు అడగండి.

మంచె మీద ఒంటరిగా కూర్చున్నది చాలు. ఇక ఆఫీసు గడప ముందు కలిసి కూర్చుందాం!