ష్ట్రప్‌త్సీలో ఆగిన రైలు

బోస్నియా అనగానే సరయేవో, స్రెబ్రెనీత్సా గుర్తుకొస్తాయి. సరిహద్దుకు ఇవతల సెర్బియాలోని సంజాక్‌లో బతుకుతున్న బోస్నియాక్ ముస్లింలను తలచుకునేవారు తక్కువ. 2022 జనాభా లెక్కల ప్రకారం ఆ దేశంలో వారు లక్షన్నర పైచిలుకు. నోవీ పజార్ వారి ముఖ్యపట్టణం.

యుద్ధం జరిగింది బోస్నియాలో. అయినా వీరికి రక్షణ లేకపోయింది. 1992 అక్టోబరులో స్యేవెరిన్ గ్రామస్థులు 16 మందిని బస్సులోంచి దించి తీసుకుపోయి చంపారు. 1993 ఫిబ్రవరి 27న రైలు వంతు వచ్చింది. బెల్‌గ్రేడ్ నుంచి బార్ రేవుకు పోయే రైలుమార్గం కొద్ది కిలోమీటర్లు బోస్నియా నేల మీదుగా సాగుతుంది. సెర్బ్ సాయుధులు అక్కడి ష్ట్రప్‌త్సీ స్టేషన్‌లో బండి ఆపి, కాగితాల్లో పేర్లు చూసి మరీ మనుషులను దించారు. సుమారు 20 మందిని చంపారు. దాదాపు అందరూ ముస్లింలే. తొమో బుజోవ్ మాత్రం కాదు. ఆయన క్రొయేషియా జాతీయుడు, రిటైరైన సైనికాధికారి. నోరుమూసుకు కూర్చుంటే ఇంటికి చేరేవాడు. ఇదేమి అన్యాయమని లేచాడు. పెట్టె నిండా జనం ఉన్నారు, లేచింది ఆయనొక్కడే. ఆయన కథతో తీసిన లఘుచిత్రానికి 2024లో కాన్ ఉత్సవంలో అత్యున్నత బహుమతి దక్కింది.

చాలామంది మృతుల అవశేషాలు దొరకనేలేదు. అంతకన్నా విడ్డూరం, హత్య జరిగింది పరాయి గడ్డపైన కాబట్టి ఈ కుటుంబాలు యుద్ధబాధితుల కిందికి రావని సెర్బియా చట్టం పేరుతో తిరస్కరించడం. రైలు బయలుదేరిన ఊరూ, చేరవలసిన ఊరూ ఆనాటి యుగోస్లావియాలోనివే. ఆ నిబంధనను బెల్‌గ్రేడ్ సవరించాలి.